రెండో రాత్రి డబ్బా పాలు అడిగింది నేనే

ఉప్పల్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. ఆమెకిప్పుడు ఎనిమిదో నెల. మొదటి కాన్పులో పుట్టిన పాపకు మూడున్నరేళ్లు. ఆ పాప పుట్టిన మొదటి వారంలో జరిగినవి ఇప్పటికీ కడుపులో తిప్పుతున్నాయని రాశారు.

పాప ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్‌తో పుట్టింది. తల్లిని గదిలోకి తేవడానికి నాలుగు గంటలు పట్టింది. ఆలోపే బయట పాపను ఎత్తుకున్న ఆడపడుచు బంగారు ఉంగరం తేనెలో ముంచి నాకించింది. మేనత్త నాకిస్తే మేనత్త పోలికలు, గుణాలు వస్తాయని అందరూ సంబరపడ్డారు. సాయంత్రానికి పాప ఏడుపు అందుకుంది. "పాలు పడలే, పోరి ఆకలికి ఏడుస్తున్నది" అని అత్తమ్మ చక్కెర నీళ్లలో దూది ముంచి నోట్లో పెట్టింది. మర్నాడు రొమ్ములో పసుపుపచ్చగా, చిక్కగా నాలుగు చుక్కలు కనబడ్డాయి. "అవి తొమ్మిది నెలలు నిలవున్న పాలు, బిడ్డకు అరగవు" అంటూ కన్నతల్లే వాటిని పిండి పారబోయించింది.

తర్వాతి ముక్క ఆమె మాటల్లోనే: "రెండో రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా పాప ఆగకుండా ఏడ్చింది. రొమ్ముకు పెడితే రెండు నిమిషాలు చీకి మళ్లీ ఏడుపు. కుట్లు గుంజుతున్నాయి. అప్పుడు సిస్టర్‌ని పిలిచి డబ్బా పాలు పట్టమని అడిగింది నేనే. అత్తమ్మ కాదు, అమ్మ కాదు. ముప్పై ఎం.ఎల్. తాగి పాప మూడు గంటలు కదలకుండా పడుకుంది. నేనూ పడుకున్నా. ఆ నిద్రకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను."

ఆరో రోజు పాపకు విరేచనాలు పట్టుకుని రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఆ తర్వాత పాప రొమ్ము సరిగా పట్టనే లేదు. రెండు నెలలకల్లా పూర్తిగా డబ్బా పాలే అయ్యాయి.

ఇప్పుడు అత్తమ్మ జనగామ దగ్గరి తమ ఊరి నుంచి తేనె తెప్పించి, సీసా కడిగి, దేవుడి అరలో పెట్టుకుంది. భర్తతో చెబితే "గింత తేనెకు ఇంత లొల్లెందుకు? పెద్దోళ్లు చేసేది చెయ్యనియ్యి" అన్నాడట. ఉత్తరం చివరి పేజీలో, దాదాపు దాటేసినట్టు, ఇంకొక వాక్యం ఉంది: అత్తమ్మ మొదటి బిడ్డ మూడో రోజున పోయింది. పాలు పడక, ఆకలికే పోయిందని ఊళ్లో అనుకున్నారట.

ఆమె అడిగినవి మూడు. చదువుకున్న ఇళ్లలో కూడా తల్లిపాల కంటే ముందు ఇవన్నీ ఎందుకు పెడతారు? పాపకు జరిగినదానికి కారణం నేనేనా? ఈసారి ఇల్లు విరగకుండా దీన్ని ఎలా ఆపాలి?

అమ్మా,

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా రెండూ దాని వెనకే దాక్కుని ఉన్నాయనిపించింది.

ఆ రాత్రి మీకు తెలియాల్సిన ఒక్క సంగతి ఎవరూ చెప్పలేదు. రెండో రాత్రి దాదాపు ప్రతి బిడ్డా అలాగే ఏడుస్తుంది. మొదటి రోజు పుట్టిన అలసటతో ఎక్కువ నిద్రపోతారు. రెండో రోజుకి మెలకువ వస్తుంది. చీకటిగా, వెచ్చగా ఉన్న చోటు నుంచి ట్యూబ్‌లైట్ల కిందికి, నలుగురి చేతుల్లోకి వచ్చామని అప్పుడు తెలుస్తుంది. గంట గంటకీ, ఒక్కోసారి పావుగంటకీ రొమ్ము కావాలంటారు. రెండు నిమిషాలు చీకి వదిలేస్తారు, మళ్లీ అడుగుతారు. అలా మాటిమాటికీ చీకడమే పాలను పిలుస్తుంది. అందులో ఆకలి కొంతే ఉంటుంది. తల్లి ఒంటి వాసన, గుండె చప్పుడు కావాలన్న గోల ఎక్కువ. మీకు అది ఆకలి కేకలాగే వినిపించింది. కుట్లతో, నిద్రలేకుండా, వంద రూపాయల నోటంత వెడల్పు మంచం అంచున కూర్చున్న ఏ తల్లికైనా అలాగే వినిపిస్తుంది. నా పెద్దకొడుకు పుట్టినప్పుడు నేనూ అదే రాత్రి, అదే గంటకు లొంగిపోయాను. మా రోజుల్లో గ్లూకోజు నీళ్లు. చెంచాతో నేనే పట్టాను.

పాప విరేచనాలకు కారణం చక్కెర నీళ్లా, ఆ దూదా, డబ్బా పాలు కలిపిన నీళ్లా, వార్డులో ఇంకెవరి చేతుల నుంచైనా వచ్చిందా అన్నది మీరూ నేనూ ఇవాళ తేల్చలేం. బయటి నుంచి ఏది నోట్లోకి వెళ్లినా దానితోపాటు క్రిములు వెళ్లే అవకాశం పెరుగుతుంది. అది నిజం. కానీ ఆ అవకాశాన్ని తెచ్చిన చేతులు చాలా ఉన్నాయి. నాలుగు గంటలు బిడ్డను మీ దగ్గరికి తీసుకురాని ఆసుపత్రి ఉంది. అడిగిన వెంటనే డబ్బా తెచ్చి, "ఇంకోసారి రొమ్ముకు పెట్టి చూద్దామా అమ్మా" అనని సిస్టర్ ఉంది. ఆ వరుసలో చివరన నిలబడ్డ మీరొక్కరే మూడున్నరేళ్లుగా తప్పంతా మోస్తున్నారు.

ఇక మొదటి ప్రశ్న. ఎందుకు పెడతారు?

తెలియక అని చెప్పేస్తే సులువు. నేను అలా అనలేను. ఈ అలవాటుకి చాలా పాత మూలముంది, అందులో కొంత మంచి పరిశీలన కూడా ఉంది. సుశ్రుత సంహిత శారీరస్థానంలో, ప్రసవించిన స్త్రీకి పాలు మూడు నాలుగు రాత్రుల తర్వాత వస్తాయని ఉంది. అందాకా బిడ్డకు తేనె, నెయ్యి ఇమ్మని ఉంది. చూసినంత వరకు వాళ్లు సరిగానే చూశారు. కాన్పయి మావి బయటికి వచ్చేశాక ఒంట్లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పడిపోతుంది, అప్పుడు రెండు మూడు రోజులకు పాలు దండిగా చేపుకొస్తాయి. ఆపరేషన్ అయినవాళ్లకు, మొదటి కాన్పువాళ్లకు, షుగరున్నవాళ్లకు ఇంకాస్త ఆలస్యం కావచ్చు. మరి ఆ మూడు రోజులు బిడ్డకు ఏం పెట్టాలి? కన్నవాళ్లను వణికించే ప్రశ్న అది. తేనె, చక్కెర నీళ్లు, బెల్లం నీళ్లు, ఆముదం, గాడిద పాలు, డబ్బా పాలు అన్నీ ఆ ఒక్క ప్రశ్నకు ఒక్కో ఇల్లు చెప్పుకున్న జవాబులు.

ఆ పరిశీలనకు అందనిది ఒకటుంది. ఆ మూడు రోజులకు సరిపడేది అప్పటికే రొమ్ములో ఉంటుంది. మీ అమ్మ పారబోయించిన ఆ నాలుగు పసుపు చుక్కలే అది. ముర్రుపాలు. అవి నిలవున్న పాలు కావు. కడుపుతో ఉండగానే సగం నెలల నుంచి తయారవుతూ, పుట్టే బిడ్డ కోసమే ఉంటాయి. పసుపు రంగు కెరోటిన్ల వల్ల వస్తుంది, అది చీమూ కాదు, దోషమూ కాదు. రోగాలను అడ్డుకునే రక్షకాలు, తెల్ల రక్తకణాలు, ఎ విటమిన్ వాటిలో చాలా చిక్కగా ఉంటాయి. మొదటి రోజు బిడ్డకు ఒక్కో సారికి కావలసింది 2 నుంచి 10 ఎం.ఎల్. అంటే ఒక చిన్న చెంచాలో సగం నుంచి రెండు చెంచాల వరకు. ఆ రాత్రి మీ పాపకు పట్టిన ముప్పై ఎం.ఎల్. మూడో రోజు బిడ్డ తాగే మోతాదు. పొట్ట బిగిసి పడుకుంది. మీరు చూసిన ఆ మూడు గంటల నిద్ర అదే.

బిడ్డ అలా పడుకున్న ప్రతిసారీ రొమ్ముకు ఒక పిలుపు తప్పిపోతుంది. చీకితేనే పాలు తయారు చెయ్యమని ఒంటికి కబురు వెళ్తుంది. కబురు తగ్గితే పాలు ఆలస్యమవుతాయి. "చూశావా, నీకు పాలు లేవు" అనే మాటకు సాక్ష్యం దొరుకుతుంది. మళ్లీ డబ్బా. పైగా డబ్బా సీసా మీద గీతలుంటాయి, ఎంత తాగిందో అందరికీ కనబడుతుంది. రొమ్ము మీద గీతలుండవు. ఎంత తాగిందో కనబడనప్పుడు ఏమీ తాగలేదనే అనుకుంటాం. చదువుకున్న ఇళ్లలో డబ్బా గెలిచేది చాలాసార్లు ఈ గీతల వల్లే అని నా అభిప్రాయం.

కడుపు శుభ్రం కావాలన్న ఆలోచన కూడా ఒకటుంది. పుట్టగానే బిడ్డ కాటుకలా నల్లగా దొడ్డికి వెళ్తుంది కదా, అది లోపలే ఉండిపోతుందని ఆముదం పట్టేవారు. మన భాషలోనే దీనికి గుర్తుంది. ఉగ్గు అంటే తల్లిపాలలో ఆముదం కలిపి పట్టేది. "ఉగ్గుపాలతో అబ్బింది" అని ఎంత ముచ్చటగా అంటామో! ఆ నల్లటి మలాన్ని బయటికి పంపే గుణం ముర్రుపాలకే ఉంది. అది త్వరగా వెళ్లిపోతే పచ్చకామెర్లు ముదిరే ప్రమాదమూ తగ్గుతుంది. ఆముదం మాత్రం పొరపాటున ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా తెస్తుంది.

ఇక మేనత్త ఉంగరం. అది ఆకలి కోసం పెట్టేది కాదు. ఈ బిడ్డ మనది, మన ఇంటిది అని చెప్పుకోవడానికి పెట్టేది. పాతబస్తీలో చాలా ముస్లిం ఇళ్లలో పుట్టిన బిడ్డ అంగిలికి నమిలిన ఖర్జూరం రాస్తారు, పెద్దవాళ్లలో గౌరవమున్న మనిషి చేత రాయిస్తారు. అదీ ఇలాంటి ఆప్యాయతే. దాన్ని "మూఢనమ్మకం" అని కొట్టిపారేస్తే మీ ఆడపడుచు మనసు నొచ్చుకుంటుంది, తేనె మాత్రం ఆగదు.

ఇవన్నీ పల్లెల్లో, చదువు లేని ఇళ్లలో జరిగేవని అనుకునేవాళ్లకు ఒక మాట. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే అయ్యాయి. అయినా పుట్టిన గంటలోపు రొమ్ము పట్టిన పిల్లల వాటా దేశం మొత్తం మీద ఉన్న 41.8 శాతం కంటే మన దగ్గర ఇంకా తక్కువ. ఆ సర్వే లెక్కలో ఇక్కడ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే, దేశంలో మనమే ముందున్నాం. బిడ్డను శుభ్రం చేసి, తూకం వేసి, గుడ్డలో చుట్టి బయట ఉన్నవాళ్లకు చూపిస్తారు. తల్లి లోపల కుట్లు వేయించుకుంటూ ఉంటుంది. ఆ రెండు మూడు గంటలు బిడ్డ తల్లి దగ్గర లేదు, బయట అందరి చేతుల్లో ఉంది. తేనె సీసాకు దొరికే సమయం అది. మీకు జరిగిందీ అదే.

ఘనాలో దాదాపు పదకొండు వేల మంది పసిపిల్లల మీద జరిపి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనం, అందరు పిల్లలకూ మొదటి గంటలోపే తల్లిపాలు పట్టిస్తే మొదటి నెల మరణాల్లో 22 శాతం తప్పించవచ్చని లెక్కగట్టింది. భయపెట్టడానికి రాయడం లేదు. ఆ మొదటి గంటను ఆసుపత్రిలో అడిగి తీసుకునే హక్కు మీకుందని చెప్పడానికే రాస్తున్నాను. ఆపరేషన్ అయినా అది సాధ్యమే. నడుముకు ఇచ్చే మత్తులో మీరు మెలకువగానే ఉంటారు. బిడ్డా మీరూ బాగుంటే థియేటర్‌లోనే బిడ్డను మీ ఛాతీ మీద పడుకోబెట్టవచ్చు.

ఇక మూడోది, ఇల్లు విరగకుండా ఎలా అన్నది. మీ ముందు నాలుగు దారులు కనిపిస్తున్నాయి. ప్రతిదానికీ ఏదో ఒక ఖర్చు ఉంది.

మీ ఆయన చెప్పినట్టు ఊరుకోవడం ఒకటి. ఇంట్లో గొడవ ఉండదు. కానీ తేనె విషయంలో "గింత" అన్న కొలత పనిచేయదని ఆయనకు తెలియాలి. తేనెలో అప్పుడప్పుడూ క్లాస్ట్రిడియం బొట్యులినం అనే క్రిమి బీజాలు ఉంటాయి. పెద్దవాళ్ల పేగుల్లో అవి మొలకెత్తవు. ఏడాది లోపు పిల్లల్లో మొలకెత్తి విషం తయారు చేయగలవు. కండరాలు సడలిపోతాయి, బిడ్డ చీకలేదు, ఒక్కోసారి ఊపిరి కూడా అందదు. అరుదైన జబ్బే. మా నలుగురు పిల్లలకూ నాకించాం, ఏమైంది అని అత్తమ్మ అడిగితే ఆమె చెప్పేదీ నిజమే. ఊరి నుంచి తెచ్చిన స్వచ్ఛమైన తేనె అయినా, కాచి చల్లార్చినా ఆ బీజాలు చావవు. అందుకే ఏడాది నిండేదాకా తేనె వద్దని డాక్టర్లంతా అంటారు. ఇంకో సంగతి, మీరు ఈ దారి పడితే ఈసారి బిడ్డకు ఏమీ కాకపోయినా మీలోని ఆ ముల్లు ఇంకా లోతుకు దిగుతుంది. మీ ఉత్తరం చదివాక నాకు ఆ భయమే ఎక్కువ.

రెండోది గట్టిగా నిలబడటం. "నా బిడ్డకు ఎవరూ ఏమీ పెట్టకూడదు" అని ముందే చెప్పేసి, ఆసుపత్రిలో కేస్ షీటు మీద రాయించడం. బిడ్డకు రక్షణ ఇందులోనే ఎక్కువ. కానీ ఆ మాట అమలయ్యే గంటలో మీరు థియేటర్‌లో బల్ల మీద ఉంటారు. బయట నిలబడేది మీ ఆయన. ఆయన మనసు మారకుండా మీరొక్కరే గట్టిగా ఉంటే ఆ గట్టితనం తలుపు దాకానే వస్తుంది. పైగా పురిటి స్నానాలు, పథ్యం, పెద్దపాప స్కూలు అన్నీ తర్వాత మూడు నెలలు అత్తమ్మ చేతి మీదుగానే నడవాలి. ఆమె నొచ్చుకుని మూతి ముడుచుకుంటే ఆ భారం మళ్లీ మీ మీదే పడుతుంది.

మూడోది వేడుకను ఉంచి పదార్థాన్ని మార్చడం. ఉంగరం ఉండనివ్వండి. మేనత్త చెయ్యి ఉండనివ్వండి. తేనె బదులు మీ ముర్రుపాల చుక్క. మిమ్మల్ని గదిలోకి తెచ్చి, బిడ్డ ఒకసారి రొమ్ము పట్టాక, మీరు చేత్తో పిండిన ఒక చుక్కను కడిగిన ఉంగరానికి అద్ది ఆడపడుచు నాకించవచ్చు. వాళ్ల పోలికలు వస్తే రానివ్వండి, అందులో నష్టమేముంది? దేవుడి అరలో ఉన్న తేనె సీసాను పుట్టబోయే బిడ్డ మొదటి పుట్టినరోజుకు దాచమని అత్తమ్మతోనే అనండి, ఆ రోజు ఆమె చేత్తోనే నాకించవచ్చు. కొన్ని ఇళ్లలో ఈ మార్పును ఆనందంగా ఒప్పుకోవడం చూశాను. కొన్ని ఇళ్లలో "ఇదేం వింత" అని గొణుగుడు మిగిలింది. ఆడపడుచుతో మీకు చనువుంటే ముందు ఆమెను మీ వైపు తిప్పుకోండి. ఆ వేడుకలో ఆమెదే ముఖ్యమైన పాత్ర కాబట్టి ఆమె ఒప్పుకుంటే సగం పని అయినట్టే.

నాలుగోది అత్తమ్మను ఈ పనిలోకే తీసుకురావడం. నేను మీ చోట ఉంటే మూడోదానితో కలిపి దీన్ని పట్టుకునేదాన్ని. ఇది నెమ్మదిగా జరిగే పని, మీకున్నది ఒక నెల. ఫలిస్తుందన్న హామీ లేదు. కానీ ఆమె బర్రెలను సాకిన మనిషి అని రాశారు. బర్రె ఈనితే ఆమె మొదట ఏం చేసేదో అడగండి. దూడకు ముర్రుపాలు తాపకుండా ఎవరైనా ఉంటారా? అది తాగని దూడ నిలవదని ఆమెకు మనకంటే బాగా తెలుసు. మిగిలిన జున్నుపాలు గిన్నెలో పోసి వాడకట్టంతా పంచే ఉంటుంది. మనిషి బిడ్డకు కొంత రక్షణ కడుపులోనే అందుతుంది కాబట్టి దూడతో అచ్చంగా పోల్చలేం. అయినా ముర్రుపాలు పారబోసేవి కావన్న మాట డాక్టరు నోటి కంటే ఆమె కొట్టం నుంచి వస్తే ఆమెకు ఎక్కుతుంది. మీ అమ్మకు కూడా అదే మాట అత్తమ్మ చేతే చెప్పించండి. వియ్యపురాళ్లు ఒక మాట మీదకు వస్తే మీకు సగం నిద్ర పడుతుంది.

ఆమెకు ఒక పని కూడా ఇవ్వండి. చక్కెర నీళ్ల గిన్నె పట్టుకునే చేతులు ఊరికే ఉండలేవు. మొదటి రోజు మీరు లేవలేరు కాబట్టి బిడ్డను తెచ్చి మీ పక్కన పడుకోబెట్టడం, తల కింద చెయ్యి ఆనించడం, మీరు పిండిన ముర్రుపాలను ఉగ్గుగిన్నెతో పట్టడం ఆమె పని. మరిగించి చల్లార్చిన గిన్నె ముందే సంచిలో పెట్టుకోండి. తడి గుడ్డలు లెక్కపెట్టడం కూడా ఆమెకే అప్పగించండి. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు మూత్రం పోస్తే సరిపోతుంది. ఐదారు రోజులకు రోజుకు ఆరుసార్లు దాటాలి. మలం నలుపు నుంచి ఆకుపచ్చకు, నాలుగైదు రోజులకు పసుపుకు తిరగాలి. రొమ్ముకు లేని గీతలు ఈ గుడ్డల మీద ఉంటాయి. "పాలు పడలే" అన్న భయానికి ఆమె చేతిలోనే లెక్క ఉంటుంది.

మీ ఆయన సంగతి. బయట బిడ్డను అందుకునేది ఆయనే. ఆయనకు పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు, "తల్లి దగ్గరికి తీసుకెళ్లేదాకా ఏమీ పెట్టొద్దు" అన్న ఒక్క మాట చాలు. ఆ మాట ఆయన తల్లితో ఆయనే అనాలి. కోడలి మాటగా వచ్చినదానికీ కొడుకు మాటగా వచ్చినదానికీ మన ఇళ్లలో ఎంత తేడా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. డాక్టరు పేరు అడ్డం పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి. రెండో రాత్రి కూడా ఆయన మీ గదిలో ఉండాలి. చొక్కా విప్పి, బిడ్డను ఛాతీకి ఆనించుకుని, మీరు రెండు చీకుళ్ల మధ్య అరగంట కళ్లు మూసుకునేలా చూడాలి. ఆ అరగంట కోసమే ఆ రోజు మీరు డబ్బా అడిగారు.

ఆసుపత్రితో ఇప్పుడే మాట్లాడండి. ఆపరేషన్ అయిన ఎంతసేపటికి బిడ్డను నా దగ్గరికి తెస్తారు? నన్ను అడగకుండా టాప్ ఫీడ్, అంటే బయటి పాలు, ఇస్తారా? రాత్రి డ్యూటీలో రొమ్ము పట్టించడం నేర్పే మనిషి ఉంటారా? సూటిగా జవాబు చెప్పకుండా "అవన్నీ మేం చూసుకుంటాం" అంటే జాగ్రత్తపడండి. వేరే చోటికి మారడం కూడా ఒక దారే. పేట్లబురుజు, సుల్తాన్‌బజార్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులు మీకు ఉన్నాయి. రద్దీ ఎక్కువ, ఒంటరి గది దొరకదు. ఎనిమిదో నెలలో, పాత ఆపరేషన్ ఉన్న మీరు డాక్టరును మార్చాలంటే పాత కాగితాలన్నీ పట్టుకుని ఈ వారమే వెళ్లాలి. పాత చోటే ఉంటే మీ ఇష్టాన్ని కాగితం మీద రాయించుకోండి. ఒక చట్టం కూడా మీ వెనక ఉంది. 1992లో వచ్చి 2003లో సవరించిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ప్రకారం డబ్బా పాలకు ప్రచారం చెయ్యకూడదు, తల్లులకు ఉచిత నమూనాలు పంచకూడదు. ఎవరైనా మీ చేతిలో ఉచితంగా డబ్బా పెడితే వద్దనడానికి మొహమాటపడకండి.

ఒకటి మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకోండి. నిజంగా బయటి పాలు కావలసిన బిడ్డలూ ఉంటారు. నెలలు నిండకుండా పుట్టినా, రెండున్నర కిలోల కంటే తక్కువున్నా, తల్లికి షుగరున్నా బిడ్డ రక్తంలో చక్కెర పడిపోవచ్చు. డాక్టరు రక్తం చుక్క తీసి చూసి చెబుతారు. మొదటి రోజుల్లో బిడ్డ బరువు కొంత తగ్గడం మామూలే, కానీ పదో వంతు దాటి తగ్గినా, మూత్రం ఆగినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా వెంటనే చూపించాలి. తల్లిపాలే పడతానని పట్టుబట్టి ఆ గుర్తులను దాటవేయకూడదు. అప్పుడు కూడా వరుస ఒకటుంది. ముందు మీ పాలే పిండి పట్టడం. చాలకపోతే తల్లిపాల బ్యాంకు పాలు, అంటే వేరే తల్లులు ఇచ్చినవి. నీలోఫర్ ఆసుపత్రిలో అలాంటి బ్యాంకు ఉంది, మీ డాక్టరు ద్వారా అడగవచ్చు. ఆ తర్వాతే డబ్బా పాలు. అవి కూడా సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతో, డాక్టరు చెప్పిన మోతాదులో, రొమ్ముకు పెట్టడం ఆపకుండా. అలా రెండుసార్లు డబ్బా పట్టాల్సి వచ్చినా మళ్లీ పూర్తిగా తల్లిపాలకు వచ్చిన పిల్లలు ఎందరో ఉన్నారు. ఈసారి అలా జరిగితే దాన్ని మరో మూడున్నరేళ్లు మొయ్యకండి.

మీకు షుగరు లేదని రాశారు కాబట్టి ముందుగానే ముర్రుపాలు పిండి దాచే అవసరం లేదు. పిండే పద్ధతి మాత్రం నేర్చుకోండి. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయానికి కాస్త వెనక బొటనవేలు, చూపుడువేలు పెట్టి, ఛాతీ వైపు మెల్లగా నొక్కి, వేళ్లు దగ్గరికి తేవాలి. లాగకూడదు. మొదటి రోజుల్లో మెషిన్ కంటే చేత్తోనే ఎక్కువ వస్తాయి, చిక్కటి చుక్కలు మెషిన్ గొట్టానికే అంటుకుపోతాయి. కడుపుతో ఉండగా సాధన చేసే ముందు డాక్టరును అడగండి.

చివరగా, మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేసిన సంగతి దగ్గరికి వస్తాను. తేనె సీసా కడిగి దేవుడి అరలో పెట్టుకున్న మనిషికి, మూడో రోజున పోయిన బిడ్డ ఉంది. పాలు పడక పోయిందని ఆమెతో అన్నారు. అంటే నీ వల్లే పోయిందని అన్నట్టే. ఆ రోజుల్లో ఆ బిడ్డ ఎందుకు పోయిందో ఎవరు చూశారు? క్రిములు సోకి ఉండవచ్చు, పుట్టుకతోనే ఏదైనా ఉండి ఉండవచ్చు. ఆమెకు మాత్రం ఆకలి అనే మాట మిగిలింది. అప్పటి నుంచి ఏ పసిబిడ్డ ఏడ్చినా ఆమె చెయ్యి చక్కెర డబ్బా వైపు వెళ్తుంది. మూడున్నరేళ్లుగా మీరు మోస్తున్నదాన్ని ఆమె ఎన్నో ఏళ్లుగా మోస్తోంది. మీ ఇంట్లో ఈ బాధ తెలిసినవాళ్లు మీరిద్దరే.

తేనె గురించి మాట్లాడే ముందు ఒక మధ్యాహ్నం, పాప నిద్రపోయాక, ఆమె పక్కన కూర్చుని ఆ బిడ్డ గురించి అడగండి. ఆడపిల్లా, మగపిల్లాడా? పేరు పెట్టుకున్నారా? మీ ఉత్తరంలో అది లేదు. బహుశా మీకూ తెలియదేమో.